కాలు నేలకందు బండి: కొత్తవారికి చిన్న క్రూజరు మోటారు సైకిలు



ఈ సాయంకాలము నేను ప్రసంగింపబూనిన విషయము విని కొందఱు నవ్వుకొందురేమో. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు శబ్దములును, ఛందస్సును చెప్పినవానికి మోటారు సైకిలుతో ఏమి పని యని మీరడుగవచ్చును. అడుగవలసినదే. కాని నేడు మన గ్రామములలో పదునెనిమిదేండ్లు నిండిన కుఱ్ఱవాడు కోరు మొదటి వరము మోటారు సైకిలే. తండ్రి పట్టణముననో దూరదేశముననో ఉద్యోగము చేయుచున్నచో ఆ కోరిక తాతగారి చెవినే పడును. డబ్బును పెక్కు ఇండ్లలో తాతగారి పెట్టెలో నుండియే వచ్చును. అట్టి వేళ మనము ఏమి చూచి సరే యనవలెను? ఏమి చూచి వలదనవలెను?

ఎద్దును కొనబోవునప్పుడు మనకీ సందేహము లేదు. పండ్లు చూచెదము, గిట్టలు చూచెదము, సుడులు చూచెదము, నాలుగడుగులు నడిపించి నడక చూచెదము. విరాటుని కొలువున నకులుడు దామగ్రంథి యను పేర గుఱ్ఱములను సాకుచుండెనని భారతము విన్న వారందఱకు తెలియును. గుఱ్ఱము మంచిచెడ్డలు తెలిసిన వానికి రాజులు పిలిచి కొలువిచ్చిరి. మోటారు సైకిలు విషయమున మాత్రము అమ్మువాని మాటయు, కుఱ్ఱవాని ముచ్చటయు, ఈ రెండే మనకు ప్రమాణములై కూర్చున్నవి. నేనును నిన్న మొన్నటి వఱకు అట్లే యుంటిని.

మా మనుమడు పొట్టివాడు. అయిదడుగుల మూడంగుళములు. వాని తండ్రి బండి ఆసనము ఎత్తైనది. ఒకనాడు కాలువగట్టు మీద వచ్చుచుండగా ఎదుట గడ్డిమోపులతో ట్రాక్టరు వచ్చినదట. దారి యిచ్చుటకు వీడు అంచునకు జరిగి ఆపెను. గట్టు కుడివైపునకు వాలుగా నున్నది. కాలు చాచినాడు గాని నేల అందలేదు. మునివ్రేళ్లు మాత్రము మట్టిని తాకినవి. నిలిచియున్న బండి నిలిచినట్లే ప్రక్కకు ఒరిగి వానిమీద పడెను. వేగము లేదు, ఢీకొన్నది లేదు. అయినను కాలుచున్న సైలెన్సరు పిక్కను అంటుకొని అరచేతి వెడల్పున చర్మము పోయినది. ఆ మచ్చ నేటికిని ఉన్నది.

పుండు మానిన కొన్నాళ్లకు వాడు నా కుర్చీ ప్రక్కన చేరి, "తాతయ్యా, నాకు క్రూజరు బండి కావాలి. దాని సీటు కిందకుంటుంది" అనెను. సినిమాలలో నల్లకోటు తొడిగినవారు కాళ్లు ముందుకు చాచి, చేతులు బారచాచి పోవు బండియే క్రూజరని నేను వినియుంటిని. వాని మాటలో రెండవ వాక్యము నా చెవికి ఎక్కలేదు. "వేషాలకు బండి కొనను, నాయనా" అంటిని. వాడు మాఱుమాట చెప్పక లేచిపోయెను. వాడు చెప్పినదానిలో న్యాయమున్నదని తెలిసికొనుటకు నాకు ఒక మాసము పట్టినది.

క్రూజరను మాట మొదట ఓడలది. సముద్రముపై బహుదూరము తిరుగు యుద్ధనౌకకు పెట్టిన పేరది. అమెరికా దేశమున ఊరికి నూరికి నడుమ వందల మైళ్లు తిన్నగా సాగు బాటలున్నవి. ఆ బాటల మీద పూటల తరబడి కూర్చుండి పోవుటకు వీలుగా అచ్చటివారు చేసికొన్న మోటారు సైకిళ్లకు ఆ పేరు వచ్చినది. మిల్వాకీ నగరమున 1903వ సంవత్సరమున పుట్టిన హార్లీ డేవిడ్సను సంస్థ వారి బండ్లు ఈ జాతికి పేరెన్నిక గన్నవి. వానిలో 300 కిలోలు దాటినవి పెక్కు. అట్టిది ఒరిగినచో ఒక మనుష్యుడు లేవనెత్తుట గగనము. కొత్తవానికి అది పనికిరాదని వేఱుగ చెప్పనక్కఱ లేదు.

అయితే ఆ ఆకారమునే ఉంచి పరిమాణమును తగ్గించినచో ఎట్లుండునను ఆలోచన జపానువారికి కలిగినది. హోండావారు 1985లో రెబెల్ 250 అను బండిని తెచ్చిరి. పేరు 250 అయినను ఇంజను 234 సీసీ మాత్రమే. బరువు సుమారు 150 కిలోలు. ఆసనము నేలనుండి 27 అంగుళములకు లోపే. అమెరికాలో కొత్తవారికి నేర్పు శిక్షణశాలలు పెక్కు ఏండ్లు ఈ బండిని వాడినవి. నడుమ కొంతకాలము ఆగినను, అది పెద్ద మార్పులు లేక 2016 వఱకు నడచి, 2017లో 286 సీసీ గల రెబెల్ 300కు చోటిచ్చినది. పేరు చూడగా తిరుగుబాటుదారు! పని చూడగా బడిపంతులు. నాకీ సంగతి తెలిసిననాడు ఆ బండిపై కొంత స్వజాతి ప్రీతి కలిగినదని ఒప్పుకొందును.

మన దేశమున 2001లో కవాసాకి బజాజ్ ఎలిమినేటరు అను 175 సీసీ బండి ఈ త్రోవ తొక్కినది. 2005లో దాని వారసుడుగా బజాజ్ అవెంజరు వచ్చినది. తరువాత ఇంజను 200, 220 సీసీలకు పెరిగినది. 2015లో 150 సీసీ స్ట్రీటు, 2018లో 180, 2019లో 160 వచ్చినవి. నేను కొత్తవారి చిన్న క్రూజరని చెప్పునది ఈ 160నే. దీని బరువు 156 కిలోలు, బలము 15 గుఱ్ఱములు, ఆసనము ఎత్తు 737 మిల్లీమీటర్లు, అనగా 29 అంగుళములు. మనము నిత్యము చూచు 100 సీసీ బండ్ల ఆసనము ఇంచుమించు 31 అంగుళములుండును. రెండంగుళములు ఏపాటి యని తీసివేయకుడు. మా వానికి మునివ్రేలికిని అరికాలికిని ఉన్న భేదము ఆ రెండంగుళములే.

ఈ మాట కాగితముపై చదివినప్పుడు నాకు నమ్మకము కలుగలేదు. పట్టణమున ఒక అంగడిలో ఆ బండిమీద నేనే కూర్చుంటిని. పంచె సర్దుకొని కాలు అవతలికి వేయుటకు ఈ వయస్సున నాకు కష్టము కాలేదు. రెండు పాదములును మడమలతో సహా నేల నానినవి. బండిని కొంచెము ఎడమకు, కొంచెము కుడికి వాల్చి చూచితిని. తొడలు బిగిసినవి గాని బండి నా చేయి జాఱలేదు. అప్పుడు కాలువగట్టు సంగతి నా కన్నులకు కట్టినది. నేర్చుకొను దినములలో ఇట్లు నిలిచి పడుట, నిలువబోయి పడుట కొత్తవారిని ఎంతగా భయపెట్టునో అప్పుడు గ్రహించితిని. సందులో తిరుగునప్పుడు, గేటు ముందు ఆగునప్పుడు, గొఱ్ఱెలమంద అడ్డము వచ్చినప్పుడు క్లచ్చి వదలుటలో చేయి తడబడును. ఇంజను ఆగిపోవును. బండి ఒరుగును. కాలు నిండుగ ఆనువాడు నిలద్రొక్కుకొనును. ఆననివాడు పడును.

అంగడివాడు నా ముఖము చూచి, "దీనికంటే 220 తీసుకోండి మాస్టారూ, బరువు కొంచెమే ఎక్కువ" అనెను. నిజమే, బరువు కొంచెమే ఎక్కువ. కాని కొత్తవాని కుడిచేయి కుదురుగా నుండదు. గతుకులో దేహము కదలినప్పుడు చేయియు కదలి, తెలియకయే పెట్రోలు ఎక్కువ ఇచ్చును. ఆ పొరబాటునకు చిన్న యింజను చిన్న కుదుపుతో ఊరుకొనును. పెద్ద యింజను బండిని ముందుకు దుమికించును. నేను వానికి నమస్కారము చేసి బయటికి వచ్చితిని.

ఇక లోపములు. ఇవి చెప్పక బండిని పొగడుట అమ్మకపువాని పని. ఈ బండికి ముందుచక్రము బాగుగ ముందుకు చాచియుండును. రెండు చక్రముల నడుమ దూరము ఎక్కువ. అందుచేత తిన్నని బాటలో ఇది నిబ్బరముగ పోవును. మలుపులో మాత్రము, పొడుగు గడ్డిబండి సందు తిరుగుటకు కష్టపడునట్లు, ఎక్కువ చోటు కోరును. పాదములుంచు కడ్డీలు క్రిందుగా నున్నవి గనుక మలుపున ఎక్కువ వాల్చినచో అవి నేలను గీయును. అన్నిటికంటె మన పల్లెబాటలలో నొప్పించునది మఱియొకటి యున్నది. మామూలు బండిమీద పాదములు దేహము క్రిందనే యుండును. గుంట వచ్చినప్పుడు పాదములమీద బరువుంచి కొంచెము లేచినచో దెబ్బ మోకాళ్లు తినును. క్రూజరుమీద కాళ్లు ముందుకు చాచియుండుటచే లేచుటకు వీలులేదు. గుంట దెబ్బ నేరుగా వెన్నుపూసకు తగులును. నడుమునొప్పి గల పెద్దలు ముచ్చటపడి దీనిపై పది మైళ్లు పోయినచో పదకొండవ మైలున నా మాట తలచుకొందురు. బాట గతుకులదైన యూరివారు దీనిని కొనుటకు ముందు రెండుమాఱులు ఆలోచింపవలెను. మా యూరి నుండి కళాశాలకు పోవు బాట తారుబాటయగుటచే నేను సాహసించితిని. కొందఱు 350 సీసీ మీటియరు చూచి అదియు క్రూజరే గదా యందురు. 2020లో వచ్చిన ఆ రాయల్ ఎన్‌ఫీల్డు బండి 191 కిలోలు. నేర్చిన తరువాత దాని మాట చూచుకొనవచ్చును.

మేము కొన్నది పాతబండి. కొత్తవాడు ఒకటి రెండుమాఱులు పడవేయక మానడు. కొత్తబండికి గీత పడినచో ఇంట గొడవ, పాతదానికి పడినచో పదింట పదునొకటి. పాతబండి కొనువారికి ఒక చిన్న రహస్యము చెప్పెదను. టైరు ప్రక్కగోడపై ఒక చిన్న గడిలో నాలుగు అంకెలుండును. మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము ఇరువది మూడవ వారమున ఆ టైరు పుట్టినదని అర్థము. మాకు చూపిన మొదటి బండి యజమానుడు టైర్లు నిరుడే మార్చితినని నమ్మబలికెను. వంగి అంకెలు చదువగా వాని మాటకును టైరు మాటకును అయిదేండ్ల దూరము వచ్చినది. రబ్బరు ముదిరినకొలది బిరుసెక్కి నేలను పట్టు పట్టు తగ్గును. గాళ్లు లోతుగ నున్నంత మాత్రమున మోసపోరాదు.

బండి ఇంటికి వచ్చినది గాని, ఎల్.ఎల్.ఆర్. చేతికి వచ్చువఱకు తాళపుచెవి నా మొలనే యుంచుకొంటిని. ఇందు పెద్దలు శ్రద్ధగ వినవలసిన మాట యున్నది. గేర్లు గల బండికి పదునెనిమిదేండ్లు నిండవలెను. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఈడు రాని పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడో, బండి యజమానుడో దోషి యగును. మూడేండ్ల వఱకు కారాగారము, ఇరువదియైదు వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు మాసములు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు రాదు. "పక్కనే గదా, పొలానికే గదా" యని పదునాఱేండ్ల వానికి తాళపుచెవి ఇచ్చు తాతగారు ఈ నాలుగు వాక్యములను పంచాంగమునందు వ్రాసికొందురు గాక. ఎల్.ఎల్.ఆర్. ఆఱు మాసములు చెల్లును. ముప్పది దినములైన పిదప పరీక్షకు పోవచ్చును. ఈలోపల శిక్షణ కొఱకు తప్ప వెనుక మనుష్యుని ఎక్కించుకొనరాదు.

కోడెను కాడికి మరపునప్పుడు మొదటనే పంటబండికి కట్టము. సాధువైన ముసలియెద్దు ప్రక్కన ఉత్తకాడి మోపి, పిదప దుంగ లాగించి, ఆపైన గదా బండికి కట్టుట! మేమును అట్లే, ఊరి వెలుపల మూతపడిన బియ్యపుమిల్లు ప్రక్కనున్న పాత తారుబాట ముక్కను ఎంచుకొంటిమి. మొదటి మూడు దినములు రెండవ గేరు దాటనీయలేదు. క్లచ్చి సగము వదలి, పాదములు నేలకు ఆనించి ప్రాకినట్లు పోవుట, ఆగుట, మరల పోవుట. పొట్టి ఆసనము ఇచ్చట తన గుణమును చూపినది. వాడు ఒక్కమాఱును పడలేదు. వారము తిరుగునప్పటికి భయము మాయమైనది. నేను సంతోషించితిని. అది నా తెలివితక్కువ.

పదునైదవ నాడు వాడు నాతో చెప్పక హైవేకు పోయి వచ్చెను. రాత్రి భోజనము దగ్గఱ తానే చెప్పెను. "ఎనభైలో పోయాను తాతయ్యా. భయమే వెయ్యలేదు."

నాకు ముద్ద దిగలేదు. కాలువగట్టున పడిన పిల్లవానికి కావలసినది భయము పోవుటయే యని నేను ఇన్నాళ్లు తలచితిని. ఆసనము పొట్టిదగుటచే భయము పోయినది, నిజము. కాని ఆ గుణము బండి నిలుచునప్పుడును, ప్రాకునప్పుడును పనిచేయునది. ఎనుబది కిలోమీటర్ల వేగమున కాలు నేలకందిన నేమి, అందకున్న నేమి? అచ్చట వానిని కాపాడవలసినది బ్రేకు. బ్రేకు వేయుట నేను వానికి నేర్పనేలేదు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి నలువది నలుగురికి పైగా మోటారు సైకిళ్లు, స్కూటర్లు మొదలగు రెండు చక్రముల బండ్లవారే. ఆ రాత్రి నేను వానిని తిట్టలేదు. తిట్టదగినవాడు ఎవడో నాకు తెలియును.

మఱునాడు సున్నపు డబ్బా, కొలత టేపు తీసికొని పాత తారుబాటకు పోతిమి. బాటకు అడ్డముగ ఒక గీత గీచితిని. "నలభైలో రా. ముందుచక్రం గీత తాకగానే బ్రేకు వెయ్యి. ఎక్కడ ఆగుతావో ముందే చెప్పు" అంటిని. వాడు పది అడుగుల దూరమున ఒక రాయి పెట్టి, "ఇక్కడ" అనెను. వచ్చెను, గీత తాకెను, కుడిపాదముతో వెనుక బ్రేకును తొక్కెను. వెనుకచక్రము బిగిసి ఈడ్చుకొనుచు, తోక విసరుచు, రాయిని దాటి, మిల్లు గోడ దాటి ఆగెను. కొలువగా 22 మీటర్లు! అనగా డెబ్బది రెండడుగులు. వాడు చాలసేపు ఆ నల్లని ఈడ్పు చారను చూచుచు నిలువబడెను. నా ఉపన్యాసములు నూఱు కలిపినను ఆ చారకు సరిరావు.

బ్రేకు వేసినప్పుడు బరువంతయు ముందుకు ఒరుగును. వెనుకచక్రము తేలికయై నేలపై పట్టు తప్పును. కావున బండిని ఆపు పనిలో పెద్దపాలు ముందు బ్రేకుదే. క్రూజరు పొడుగై, బరువు క్రిందుగా నుండుటచే, ఇందు వెనుక బ్రేకు సాయము ఇతర బండ్లకంటె కొంత హెచ్చు. అయినను అది సాయమే. ముందు బ్రేకు పట్టినచో తలక్రిందులగుదుమని మన పల్లెలలో ఒక భయమున్నది. గుంజి పట్టినచో, ఇసుకలో పట్టినచో, హాండిలు త్రిప్పియుంచి పట్టినచో పడుట నిజమే. తిన్నగా నున్నప్పుడు, నిమ్మపండు పిండినట్లు మొదట మెల్లగా, పిదప గట్టిగా పట్టవలెను. చక్రము బిగిసిపోకుండ కాచు ఏబీఎస్ అను యంత్రము ఈ బండికి ముందుచక్రమునకు మాత్రమే కలదు. వెనుకచక్రమును కాచుకొనవలసినది నడుపువాని పాదమే.

వారము దినములు అదే పని. 22 మీటర్లు 16 అయ్యెను, 14 అయ్యెను, తుదకు 12 దగ్గఱ నిలిచెను. అప్పుడు పలకపై లెక్క వేయించితిని. వేగము రెట్టింపైనచో ఆగు దూరము నాలుగు రెట్లగును. నలువదిలో 12 మీటర్లయినచో ఎనుబదిలో 48. ఇంతేకాదు. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి కదలుటకు ఒక క్షణము పట్టునుగదా. ఆ ఒక్క సెకనులో ఎనుబదిలో పోవు బండి 22 మీటర్లు పోవును. మొత్తము డెబ్బది మీటర్లు. మా వీధి మొగ నుండి రామాలయము వఱకు టేపు పట్టి వానిచేతనే కొలిపించితిని. అరువది తొమ్మిది. కొలిచి వచ్చి వాడు అరుగుమీద కూర్చుండి, "ఆ రోజు గేదె అడ్డమొస్తే?" అనెను. నేను బదులు చెప్పలేదు. వాడును అడుగలేదు.

హెల్మెట్టు మాట వేఱుగ చెప్పనక్కఱ లేదనుకొందును. ఐ.ఎస్.ఐ. ముద్ర గలది, గడ్డము క్రింద పట్టీ బిగించునది కావలెను. హాండిలుకు తగిలించుకొన్నది తలను కాపాడదు. వాడు పట్టీ బిగించిన చప్పుడు వినబడువఱకు నేను తాళపుచెవి ఇచ్చుట లేదు.

ఇప్పుడు వానికి ఎనిమిది అంకె పట్టుకొన్నది. లైసెన్సు పరీక్షలో నేలపై గీచిన 8 ఆకారమున కాలు దింపక తిరుగవలెను. పొట్టి చక్రదూరము గల బండ్లవారు నవ్వుచు తిరిగి వచ్చుచుండగా మా పొడుగుబండి రెండవ సున్న దగ్గఱ గీత దాటుచున్నది. వేగము తగ్గించి, వెనుక బ్రేకును ఇంచుక ఆనించి, చూపు ముందుచక్రముపై గాక పోవలసిన చోటుపై నిలిపినచో చాలవఱకు కుదురుచున్నది. నిన్నటి సాయంకాలము పదిమాఱులలో ఏడుమాఱులు గీతలోపల తిరిగెను. పరీక్ష వచ్చు గురువారము. సున్నము అయిపోయినది, రేపు సంతలో మఱల తేవలెను.

సెలవు.